ర్యాకులు ఎత్తేస్తే పుస్తకం దొరుకుతుందా? అత్తయ్యకూ మేనల్లుడికీ వాదం

కోస్తాలో ఒక విశ్వవిద్యాలయం తన పాత గ్రంథాలయాన్ని లోపలంతా మార్చాలనుకుంటోంది. ప్లాను గీసిన ఆర్కిటెక్టు మేనల్లుడు. పై అంతస్తులోని పుస్తకాల ర్యాకులన్నీ తీసేసి, వెనక కొత్తగా కట్టే గదిలో కాంపాక్టర్లలో, అంటే పట్టాల మీద జరిగే బీరువాల్లో సర్దేస్తారు. ఖాళీ అయిన చోట ఏసీ రీడింగ్ హాలు, చర్చలకు చిన్న గదులు, ఒక కాఫీ కౌంటరు వస్తాయి. అత్తయ్య మరో యూనివర్సిటీలో లైబ్రేరియన్‌గా పనిచేసి రిటైరయ్యారు. ప్లాను ఆవిడకు చూపించడమే అతను చేసిన సాహసం.

అత్తయ్య: బాగానే గీశావు. కుర్చీలు ఎన్నో, ప్లగ్ పాయింట్లు ఎన్నో లెక్కతో సహా రాశావు. పుస్తకాలెన్ని అన్న గడి మాత్రం ఖాళీగా ఉంది.

మేనల్లుడు: ఆ లెక్క లైబ్రరీవాళ్లు ఇవ్వాలత్తయ్యా. అయినా ఒక్క పుస్తకం కూడా బయట పారేయడం లేదు. వెనక గదిలో ఉంటాయి, కంప్యూటర్లో చూసి నంబరు ఇస్తే అటెండరు తెచ్చిస్తాడు. ఇప్పుడా అంతస్తు ఎలా ఉందో చూడండి. సగం ట్యూబులైట్లు వెలగవు. ర్యాకుల మధ్య మనిషి కనిపించడు. కింద హాల్లో చోటు దొరక్క పిల్లలు మెట్ల మీద కూర్చుని చదువుతున్నారు.

అత్తయ్య: లైట్లు వెలగని చోటికి మనుషులెందుకు వస్తారు? ముందు లైట్లు వేయించి, ఆ తర్వాత చెప్పు, ఎవరూ రావడం లేదని.

మేనల్లుడు: లైట్లున్నా అంతే. అమెరికాలో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం 1969లో కొన్న పుస్తకాల సంగతి 1975 దాకా గమనించారు. దాదాపు 40 శాతం ఒక్కసారి కూడా ఇష్యూ కాలేదు. 1979లో నివేదిక అచ్చయింది. ఎవరూ ముట్టని వాటికి అంత పెద్ద అంతస్తు, మెట్ల మీద కూర్చునే వాళ్లకు ఏమీ లేదు. ఇదేం న్యాయం?

అత్తయ్య: ఆ నివేదిక పేరు చెప్పి మమ్మల్ని చాలామందే బెదిరించారు. ఇష్యూ అయినవి పూర్తిగా లెక్కపెట్టారు. లోపలే తిరగేసి పెట్టేసిన వాటికి మాత్రం నమూనా లెక్కతో సరిపెట్టారు. పరిశోధన చేసేవాడు ర్యాకు ముందు నిలబడి పది పుస్తకాల విషయసూచికలు చూసి, రెండు ఇంటికి తీసుకెళతాడు. మిగతా ఎనిమిదీ వాడనట్టేనా? 1924లో రంగనాథన్ గారు మద్రాసు విశ్వవిద్యాలయం లైబ్రేరియన్ అయ్యారు. ఇంగ్లండు వెళ్లి అక్కడి గ్రంథాలయాలు చూసొచ్చి, ఇక్కడ పాఠకుణ్ణి ర్యాకుల దాకా రానిచ్చారు. వందేళ్ల తర్వాత నువ్వు మళ్లీ చీటీ రాయమంటున్నావు.

మేనల్లుడు: రంగనాథన్ గారు నా వైపే ఉంటారత్తయ్యా. 1931లో ఆయన రాసిన గ్రంథాలయ శాస్త్ర పంచసూత్రాల్లో మొదటిది పుస్తకాలు వాడుకోవడానికేనని కదా. దాని కిందే గ్రంథాలయం ఎక్కడుండాలి, ఎన్ని గంటలు తెరవాలి, కుర్చీలూ బల్లలూ ఎలా ఉండాలి అన్నీ చర్చించారు. నాలుగో సూత్రం పాఠకుడి సమయం మిగల్చమంటుంది. దుమ్ములో గంటసేపు వెతకడం సమయం మిగల్చడమా? షికాగో విశ్వవిద్యాలయంలో 2011లో మాన్‌సుయెటో లైబ్రరీ కట్టారు. పైన గాజు గుమ్మటం కింద అందమైన రీడింగ్ రూము. పుస్తకాలన్నీ 50 అడుగుల లోతున భూమిలో, 35 లక్షల సంపుటాలు పట్టేలా. అడిగితే యంత్రం కొద్ది నిమిషాల్లో పైకి పంపిస్తుంది. మన పిల్లలు బోలెడంత మంది చదివే నార్త్ కరోలైనా స్టేట్ యూనివర్సిటీలో 2013లో తెరిచిన హంట్ లైబ్రరీ కూడా అంతే. మామూలు ర్యాకులకు పట్టే చోటులో తొమ్మిదో వంతులో సర్దేశారు. మిగిలిన చోటంతా మనుషులకు.

అత్తయ్య: ఆ యంత్రం విషయం వారీగా సర్దదు. పుస్తకం సైజు చూసి డబ్బాలో పడేస్తుంది, బార్‌కోడే దానికి దిక్కు. వాళ్లకు కరెంటు పోదు, సర్వీసు కాంట్రాక్టు ఆగదు. మన క్యాంపస్‌లో లిఫ్టు చెడితే బాగుచేయించడానికి ఎన్ని ఫైళ్లు తిరుగుతాయో నీకు తెలియంది కాదు. ఇక కింద పెట్టడం అంటావా, 2000 ఆగస్టులో హైదరాబాదు వరదలకు సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోని ఉర్దూ పరిశోధన గ్రంథాలయంలోకి నీళ్లొచ్చి పుస్తకాలు తడిసి ముద్దయ్యాయి. ఆ సేకరణను నిలబెట్టడానికి సాయం చేసింది నువ్వు చెప్పిన షికాగో విశ్వవిద్యాలయమే. నీ వెనక గది నేలమట్టానికి ఎంత ఎత్తులో ఉంది?

మేనల్లుడు: ...ఒకటిన్నర అడుగులు.

అత్తయ్య: తుఫాన్లొచ్చే ఊళ్లో!

మేనల్లుడు: సరే, ఎత్తు పెంచుతాను, మూడడుగులు చేస్తాను. అయినా అది ఇంజినీరింగ్ సంగతి. పుస్తకాలు మూసిన గదిలో ఉండకూడదన్న మీ వాదనకు అది జవాబు కాదు. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో పరిశోధకులు ఇలాగే గోల చేశారు. అయిదో ఎవెన్యూ భవనంలోని ఉక్కు ర్యాకుల అంతస్తులు తీసేస్తామంటే అంత పెద్ద పోరాటం జరిగి, 2014లో ఆ ప్రణాళిక మానుకున్నారు. కానీ అక్కడ పాఠకులు ఎప్పుడైనా ఆ ర్యాకుల మధ్య తిరిగారా? మొదటినుంచీ చీటీయే! ఇప్పుడూ పుస్తకాలు పక్కనున్న బ్రయంట్ పార్కు అడుగునుంచి వస్తున్నాయి. పరిశోధన ఆగిపోయిందా?

అత్తయ్య: ఆగలేదు. ఎందుకంటే వాళ్ల కేటలాగు నమ్మదగ్గది. మన తెలుగు పుస్తకాలను కంప్యూటర్లో ఎక్కించింది ఎలాగో ఎప్పుడైనా చూశావా? అంతా ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేశారు. కాంట్రాక్టు మీద వచ్చిన కుర్రాళ్లు, పుస్తకానికింతని లెక్క. జ్ఞానం అన్న మాట ఒకరు జీ ఎన్‌తో మొదలుపెట్టారు, ఇంకొకరు జే ఎన్‌తో, మూడో వాళ్లు జీ ఎన్ వై అన్నారు. దీర్ఘానికి ఒకరు రెండు ఏలు, ఒకరు ఒకటే. రచయిత ఇంటిపేరు ఒక రికార్డులో ముందుంటే ఇంకో రికార్డులో చివర. కొన్నిటికి సంపాదకుడి పేరే రచయిత గడిలో ఉంటుంది. శతకాల మీద పని చేస్తున్న అమ్మాయి నా దగ్గరికి వచ్చి, కంప్యూటర్ పదకొండే చూపిస్తోంది మేడం అంది. ర్యాకు దగ్గరికి తీసుకెళితే రెండు అరల నిండా ఉన్నాయి. నువ్వు ఆ తలుపు మూసేస్తే, కంప్యూటర్‌కు కనబడని పుస్తకం లేనట్టే. దాన్ని పారేయకపోతేనేం?

మేనల్లుడు: అది కేటలాగు తప్పు. దానికి శిక్ష రీడింగ్ హాలుకా? కేటలాగు తెలుగు లిపిలో సరిచేయించండి.

అత్తయ్య: చేయించండి. నేనూ అదే అంటున్నాను. అది పూర్తయ్యాక మూసుకోండి. కానీ నీ ఎస్టిమేట్లో సోఫాలున్నాయి, ఫాల్స్ సీలింగు ఉంది, గోడకు పెద్ద డిజైనుంది. కేటలాగర్ జీతం ఎక్కడా లేదు.

ఇక్కడ మేనల్లుడు కాసేపు మాట మార్చాడు. నిజానికి అతని గట్టి వాదన ఇప్పుడే వచ్చింది.

మేనల్లుడు: ఆ పెద్ద డిజైను మీకు నచ్చకపోతే తీసేస్తాను. మీరు హాస్టళ్లు చూడండి. గదికి నలుగురు, అయిదుగురు. ఒకడు ఫోన్లో మాట్లాడుతుంటే ఇంకొకడు డీఎస్సీకి చదవాలి. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకైనా, ఉస్మానియా లైబ్రరీకైనా పిల్లలు సొంత పుస్తకాలు సంచిలో పెట్టుకుని ఎందుకొస్తున్నారు? వాళ్లకు కావాల్సింది బల్ల, వెలుతురు, ఫ్యాను, మంచినీళ్లు, ఛార్జింగు. అమ్మాయిలకు ఇంకా ముఖ్యం. రాత్రి పదింటిదాకా తెరిచి ఉంచి, శుభ్రమైన టాయిలెట్టు అదే అంతస్తులో ఉంటే తప్ప వాళ్లు ఉండరు. ఇప్పుడున్న టాయిలెట్టు కింద, భవనం వెనకవైపు, చీకట్లో. పుస్తకాల గురించి ఇంత మాట్లాడుతున్నారు గానీ, ఆరింటికే సంచి సర్దుకుని వెళ్లిపోయే అమ్మాయికి మీ ర్యాకులు తెరిచి ఉన్నట్టా, మూసి ఉన్నట్టా?

అత్తయ్య: దానికి నేను అడ్డు చెప్పను. మా దగ్గరా అలాగే ఉండేది, ఎన్ని ఉత్తరాలు రాశానో. టాయిలెట్టు పైనే పెట్టు. మెట్ల దగ్గర లైటు, రాత్రి హాస్టల్ దాకా బస్సు అడిగించు. కానీ గ్రూప్స్‌కి చదివే వాళ్లకు కావాల్సింది హాలు. హాలు ఎక్కడైనా కట్టొచ్చు. పరీక్షలైపోయి ఖాళీగా పడి ఉండే క్లాసు రూములు తెరిచినా చాలు.

మేనల్లుడు: క్లాసు రూములో వాచ్‌మన్ ఉండడు, వైఫై ఉండదు. అదీగాక, సొంత పుస్తకంతో వచ్చినవాడు రోజూ ర్యాకుల పక్కనుంచి నడుస్తుంటే ఏదో ఒకరోజు చెయ్యి పెడతాడు. వాణ్ణి వేరే భవనానికి పంపిస్తే ఆ అవకాశమూ పోతుంది.

అత్తయ్య: అదిగో, ఇప్పుడు దారికొచ్చావు! ర్యాకుల పక్కనుంచి నడవాలంటే ర్యాకులు అక్కడ ఉండాలి కదా. చదువుకునే రోజుల్లో నువ్వే నాకు ఫొటోలు చూపించావు, అమెరికాలో ఎక్సెటర్ అనే స్కూలు లైబ్రరీ, లూయీ కాన్ కట్టింది. పుస్తకాలు ఎండ తగలకుండా లోపలి వరసలో, కిటికీల పక్కన గోడ పొడవునా ఒక్కొక్కరు కూర్చునే బల్లలు. పుస్తకం తీసుకుని నాలుగడుగులు వేస్తే వెలుతురు. అప్పుడు తెగ మెచ్చుకున్నావు. ఇప్పుడు చేతిలో పెన్సిలుంటే అది గుర్తు రాలేదా?

మేనల్లుడు: అది కొత్తగా కట్టింది. మనది పాత భవనం. స్తంభాలు ఎక్కడున్నాయో అక్కడే ఉంటాయి.

అత్తయ్య: పాతదే కాబట్టి చెబుతున్నా. మామూలు రీడింగ్ రూము నేలకు చదరపు మీటరుకు 300, 400 కిలోల బరువు లెక్కేస్తే, ర్యాకుల గదికి 600 కిలోలు వేయమంటుంది కదా మీ భవన నిర్మాణ కోడు? ఆ పై అంతస్తు శ్లాబు పుస్తకాల కోసమే అంత బలంగా వేశారు. మోయగలిగిన నేల మీంచి దించేసి, వాటి కోసం కొత్త గది కడతానంటున్నావు. డబ్బు ఎక్కువైందా యూనివర్సిటీకి?

మేనల్లుడు: పద్దెనిమిది వరసలున్నాయి. మధ్యకు నెట్టినా అన్నీ పట్టవు. గోడ పక్కన బల్లలు రావాలంటే కనీసం సగం వరసలు పోవాలి.

అత్తయ్య: పోనీ. సైన్సు జర్నళ్ల బైండు సంపుటాలు ముందు పంపెయ్. 2025 నుంచి కేంద్ర ప్రభుత్వ పథకం వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద 13,000 దాకా జర్నళ్లు ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు ఆన్‌లైన్లో వస్తున్నాయి. పాత సంపుటాలు ఎప్పుడో ఒకసారి ఎవరో అడుగుతారు, కాంపాక్టర్లోంచి తెచ్చిస్తే చాలు. రెండో మూడో కాపీలు పంపెయ్. తెలుగు, చరిత్ర, సంస్కృతం మాత్రం కదపకు. పాత తెలుగు పత్రికలు ఆ జర్నళ్ల లెక్కలోకి రావు. వాటి కోసం ఇవాళ్టికీ పరిశోధక విద్యార్థులు బస్సెక్కి 1918లో పెట్టిన వేటపాలెం సారస్వత నికేతనానికి వెళుతున్నారు.

మేనల్లుడు: తొమ్మిది వరసలు ఉంచుతాను. కానీ అంతస్తంతా ఏసీ.

అత్తయ్య: వద్దు. పొద్దున తొమ్మిదికి వేసి, రాత్రికి కట్టేసే ఏసీ పుస్తకానికి విషం. చల్లబడిన అట్టల మీదకు సముద్రపు గాలి తేమ రాత్రంతా చేరుతుంది, వానాకాలం వెళ్లేలోగా బూజు పడుతుంది. కలరా ఉండలు ఎన్ని వేసినా లాభం లేదు. 24 గంటలూ నడిపే స్తోమతుంటే తాళపత్రాల గదికి పెట్టు. మిగతాచోట ఉత్తరం, దక్షిణం కిటికీలు తెరిచి, పడమటి వైపు ఎండ ఆపు.

మేనల్లుడు: మే నెలలో మీ మాట విన్నందుకు పిల్లలు నన్ను తిడతారు. చర్చా గదులకు ఏసీ పెడతాను, అద్దాల తలుపులేసి. అక్కడ పుస్తకాలుండవు. గట్టిగా మాట్లాడుకునే వాళ్లకూ ఒక చోటు కావాలి, హాల్లో ఎవరైనా గుసగుసలాడితే చాలు మీలాంటి వాళ్లు కళ్లెర్ర చేస్తారు.

అత్తయ్య: పెట్టుకో. కాఫీ కౌంటరు మాత్రం గుమ్మం బయట. బిస్కెట్ ముక్కలకు చీమలొస్తాయి, చీమల వెనక బొద్దింకలు. పుస్తకాల జిగురు వాటికి ఎంత ఇష్టమో!

మేనల్లుడు: వరండాలోకి మారుస్తాను. ఇక అయిపోయినట్టేనా?

అత్తయ్య: కేటలాగర్లు. ఇద్దరు, రెండేళ్లకు.

మేనల్లుడు: జీతాలు నా ఎస్టిమేట్లో పెట్టే హక్కు నాకు లేదత్తయ్యా. నాది సివిల్, ఫర్నిచరు.

అత్తయ్య: కాంపాక్టర్లు ఏ హెడ్డు కింద రాశావు?

మేనల్లుడు: ఫర్నిచరు.

అత్తయ్య: కేటలాగు లేకపోతే ఆ బీరువాలు ఎందుకూ పనికిరావు. దాన్నీ ఫర్నిచరు కిందే రాయి, తాళంచెవి అని.

మేనల్లుడు: ఆడిట్‌వాళ్లు ఒప్పుకోరు.

అత్తయ్య: ఒప్పుకునే దాకా మిగతా తొమ్మిది వరసలూ ఉన్నచోటే ఉంటాయి. వైస్ ఛాన్సలర్ గారికి నా పేరు మీదే ఉత్తరం రాయి, నేను సంతకం పెడతాను.