సవరణ: జొన్న పరిశోధనలో దిగుబడి ఒక్కటే ముందు కాదు

జొన్న పరిశోధనలో దేనికి ముందు ఖర్చు పెట్టాలన్న నా పోస్టులో రెండు చోట్ల మార్పు చేశాను.

మొదటిది చిన్నది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ 1972లో ఏర్పడిన అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ, కేంద్ర ప్రభుత్వానిది కాదు. కేంద్రానికి చెందిన భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) కింద ఉన్నది రాజేంద్రనగర్‌లోని చిరుధాన్యాల పరిశోధన సంస్థ.

రెండోది అసలు విషయం. "దిగుబడి పెంచడమే మొదటి పని" అన్న వాక్యాన్ని చాలామంది అన్ని చోట్లకీ వర్తించేలా చదివారు. అది తీసేశాను. మన దగ్గర 1964లోనే సీఎస్‌హెచ్-1 అనే హైబ్రిడ్ జొన్న వచ్చింది, వానాకాలం దిగుబడి పెరిగింది కూడా. కానీ గింజ ముదిరే సమయంలో వానలు పడితే బూజు పడుతుంది, నల్లబడ్డ గింజకు ధర రాదు. అందుకే వానాకాలం జొన్నలో బూజును తట్టుకోవడమే ముందుండాలి. యాసంగి జొన్న లెక్క వేరు. అది నేలలో మిగిలిన తేమ మీదే బతుకుతుంది. రొట్టెకు నాణ్యత, పశువులకు చొప్ప రెండూ కావాలి. అందుకే ఇన్ని కొత్త రకాలొచ్చినా మాల్దండి అనే పాత యాసంగి రకం ఇంకా నిలబడింది. గింజ తూకం మాత్రమే చూసే పరీక్షలో చొప్ప విలువ కనిపించదు, ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది. ఆఫ్రికాలో చాలా చోట్ల స్ట్రైగా అనే కలుపు జొన్న వేళ్లకు అతుక్కుని సారం పీల్చేస్తుంది. మన ప్రాధాన్యాల జాబితాను అక్కడికి యథాతథంగా పంపితే పనికిరాదు.

పాత పోస్టు షేర్ చేసినవాళ్లు దయచేసి ఈ సవరణ కూడా జతచేయండి.