సముద్రానికి 18 శాతం

హోటల్ అంటే మనకి ఇడ్లీ దొరికే చోటు. పడుకోవడానికి లాడ్జి ఉండేది. ఆ లాడ్జి అనే మాట ఇప్పుడు పేపర్లో నేరవార్తల్లో తప్ప ఎక్కడా కనపడదు. విశాఖ వీధుల్లో ఉన్నవన్నీ రెసిడెన్సీలు, ఇన్‌లు, గ్రాండ్‌లే. లోపలి బకెట్టూ మగ్గూ మాత్రం పాతవే.

దీనివల్ల సమాజానికి మేలే జరిగిందని నా దృఢమైన అభిప్రాయం. మామూలు గది అనేదే దేశంలో లేకుండా పోయింది. అన్నిటికన్నా కిందది స్టాండర్డ్. ఆపైన డీలక్స్, సూపర్ డీలక్స్, ఎగ్జిక్యూటివ్. పేర్లు మార్చి పేదరికాన్ని నిర్మూలించిన రంగం ఇదొక్కటే. స్టాండర్డ్‌కీ డీలక్స్‌కీ తేడా ఏమిటని మొన్న ఒక రిసెప్షన్‌లో అడిగాను. అక్కడి కుర్రాడు కాస్త ఆలోచించి, "డీలక్స్‌లో కర్టెన్ ఉంటాది సార్" అన్నాడు. స్టాండర్డ్‌లో కిటికీయే లేదట, ఇక కర్టెన్ దేనికి? న్యాయమే.

అడిగింది నాకోసం కాదు, హైదరాబాద్ నుంచి వస్తున్న మా బావమరిది కోసం. వాడికి సీ వ్యూ కావాలి. బంగాళాఖాతం ఎవడి అబ్బ సొత్తూ కాదని చిన్నప్పటి నుంచీ అనుకుంటూ వచ్చాను. తప్పు. రోజుకి 7,500 రూపాయల దాకా ఉన్న గదికి జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతం, అది దాటితే 18 శాతం. అంటే సముద్రం కాస్త పక్కకి జరిగి కనిపిస్తే 5, కళ్లెదురుగా నిలబడితే 18. పక్కకి జరిగినదాన్ని పార్షియల్ సీ వ్యూ అంటారు. బాల్కనీ రెయిలింగు పట్టుకుని నడుం దాకా బయటికి వంగితే రెండు అపార్టుమెంట్ల మధ్య కనిపిస్తుంది. వెనకాల ఎవరైనా కాళ్లు పట్టుకోవాలి. ఈ సేవకి విడిగా డబ్బు తీసుకోకపోవడం వాళ్ల మంచితనం.

వాడిని ఆర్కే బీచ్‌లోని కుర్సురా జలాంతర్గామికి తీసుకెళ్లి బుద్ధి చెప్పాలని చూశాను. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసింది, మరుసటి ఏడాది మ్యూజియం అయింది. డెబ్బై మందికి పైగా ఆ గొట్టంలో మసిలేవాళ్లు. "చూడరా, సముద్రం లోపలే కాపురం చేశారు, ఒక్కడికీ సీ వ్యూ లేదు" అన్నాను. వాడు ఆ ఇరుకు పడకలకేసి చూసి, "ఏసీ ఉండేదా బావా?" అన్నాడు.

ఇక చెక్-ఇన్ మధ్యాహ్నం పన్నెండుకి, చెక్-అవుట్ పదకొండుకి. భూమి తన చుట్టూ తాను తిరగడానికి 24 గంటలు తీసుకుంటోందని, హోటల్ వాళ్లు ఆ పని 23లో ముగించారని గమనించగలరు. 24 గంటల లెక్క ఇంకా పాటిస్తున్న పాత లాడ్జీలకి ఏదైనా పురస్కారం ఇవ్వాలి. మరి గోదావరి ఎక్స్‌ప్రెస్ జనాన్ని తెల్లవారుజామునే దించేస్తుంది కదా, పన్నెండు దాకా వాళ్లెక్కడుంటారు? మా ఇల్లు కంచరపాలెం, స్టేషన్‌కి దగ్గర. ఎర్లీ చెక్-ఇన్ అనే సదుపాయం అసలు నడిచేది మా హాల్లో. వేడినీళ్లు, పెసరట్టు, మా ఆవిడ చేతి కాఫీ అన్నీ కలిపే.

హోటల్లో కూడా టిఫిన్ ఫ్రీయే, ఏడున్నర నుంచి. అరకు వెళ్లే కిరండూల్ రైలు ఏడు కొట్టకముందే కదిలిపోతుంది. ఈ రెండు వేళల్నీ ఇంత చక్కగా కుదిర్చిన మేధావి ఎవరో గాని, మిగిలిన ఇడ్లీలన్నీ ఆయన ఖాతాలోకే.

మర్యాదల విషయానికొస్తే, టవల్ కోసం మావాడు ఫోన్లో తొమ్మిది నొక్కాడు. "పంపిస్తున్నాం సార్" అన్నారు. రెండు రోజులూ అదే మాట, అదే మర్యాద. ఖాళీ చేసిన రోజు మాత్రం అంతకుముందెన్నడూ కనపడని నలుగురు కుర్రాళ్లు ఒక్క సూట్‌కేసు చుట్టూ చేరారు. సర్వీస్ చార్జి బిల్లులో దానంతటదే వెయ్యకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లో చెప్పింది. 2025లో ఢిల్లీ హైకోర్టు కూడా ఔనంది. అందుకే అది బిల్లులో లేదు, తలుపు దగ్గర నిలబడి నవ్వుతోంది.

పదకొండుకి గది వదిలేస్తే తిరుగు రైలు సాయంత్రం. మధ్యలో ఎక్కడికి? లేట్ చెక్-అవుట్ కూడా మా హాల్లోనే. భోంచేసి, ఫ్యాను కింద చాప వేసుకుని పడుకున్నవాడు ఉన్నట్టుండి లేచి, "బావా, మీ డాబా మీంచి సముద్రం కనిపించదా?" అన్నాడు.

"వాటర్ ట్యాంకు ఎక్కితే పోర్టు క్రేన్ల వైపు నీలంగా ఏదో కనిపిస్తుంది. నీళ్లో, రేకుల షెడ్డో ఇంతవరకూ తేలలేదు" అన్నాను.

నిచ్చెన ఎక్కడుందని వాళ్లక్కని అడిగాడు.