దమ్ము లేక ఆగిపోయారట!

ఈమధ్య తెగ షేర్ అవుతున్న మాట ఇది: "లాంగ్ డిస్టెన్స్‌లో చాంపియన్ కావాలంటే టీనేజ్‌లోనే పిండేయాలి, బరువు తగ్గించాలి. ఆ ఒత్తిడికి ఆగిపోయినవాళ్లకి దమ్ము లేనట్టే. ఇంగెబ్రిట్సెన్‌ని చూసి నేర్చుకోండి."

సరే, నార్వే రన్నర్ యాకోబ్ ఇంగెబ్రిట్సెన్‌నే చూద్దాం. చిచ్చరపిడుగే, కాదనను. 16 ఏళ్లకే మైలు నాలుగు నిమిషాల లోపు లాగించేశాడు, 17కి యూరప్ చాంపియన్‌షిప్‌లో 1500, 5000 రెండూ గెలిచాడు, తర్వాత టోక్యోలో ఒలింపిక్ స్వర్ణం. కానీ కోచ్‌గా ఉన్న తండ్రి తమని కొట్టాడనీ బెదిరించాడనీ 2023లో అతనూ అన్నలూ బయటికొచ్చి చెప్పారు. 2025లో కోర్టు యాకోబ్‌కి సంబంధించిన అభియోగాలు కొట్టేసింది, చెల్లెలిని టవల్‌తో కొట్టినందుకు మాత్రం తండ్రికి శిక్ష వేసింది. కోర్టు ఏమన్నా, పతకాలు తెచ్చిన కొడుకే ఆ పెంపకం గురించి అలా చెప్పాడు కదా, దాన్నే ఆదర్శమంటే ఎలా?

ఇక బరువు. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. అమెరికా రన్నర్ మేరీ కెయిన్ 17 ఏళ్లకి 2013 మాస్కో ప్రపంచ పోటీల్లో 1500 మీటర్ల ఫైనల్ పరిగెత్తింది. తర్వాత నైకీ కంపెనీ నడిపిన శిక్షణ బృందం ఒరెగాన్ ప్రాజెక్టులో 114 పౌండ్లకి (దాదాపు 52 కిలోలు) దిగమన్నారనీ, తోటివాళ్ల ముందే తూకం వేసేవారనీ, మూడేళ్లు నెలసరి ఆగిపోయి ఐదు ఎముకలు విరిగాయనీ 2019లో తనే చెప్పింది. అక్కడి కోచ్ సలజార్ తన తప్పేం లేదన్నాడు. ఆయన మాటెలా ఉన్నా, తిండి తగ్గితే శరీరంలో జరిగేది మాత్రం ఇదే: పరుగుకయ్యే ఖర్చుకి తిండి చాలకపోతే ఒళ్లు పొదుపు మొదలెడుతుంది, అమ్మాయిల్లో ఎముకని కాపాడే ఈస్ట్రోజెన్ హార్మోన్ పడిపోతుంది, ఎముక పలచబడుతుంది. జీవితమంతా వాడుకోవాల్సిన ఎముక బలం కూడేది కూడా సరిగ్గా ఆ వయసులోనే. మోసం ఏంటంటే, మొదట కొన్నాళ్లు టైమింగ్ బాగుపడొచ్చు కూడా, దాంతో కోచ్‌కీ పిల్లకీ దారి కరెక్టే అనిపిస్తుంది, స్ట్రెస్ ఫ్రాక్చర్ (పదేపదే ఒత్తిడి పడి ఎముకలో వచ్చే పగులు) తర్వాతెప్పుడో బయటపడుతుంది.

దమ్ము సంగతా? అమెరికా రన్నర్ జిమ్ ర్యున్ 19 ఏళ్లకి మైలు ప్రపంచ రికార్డు కొట్టాడు (1966, 3:51.3). అదే మనిషి 1969లో రేసు మధ్యలో ట్రాక్ దిగి వెళ్లిపోయాడు, మళ్లీ వచ్చి 1972 ఒలింపిక్స్‌లో పరిగెత్తాడు. రన్నర్ జోలా బడ్‌ని 17 ఏళ్లకి దక్షిణాఫ్రికా నుంచి బ్రిటన్ తీసుకెళ్లి హడావుడిగా పాస్‌పోర్టు ఇప్పించారు, వర్ణవివక్ష మీద కోపమంతా ఆ పిల్ల మీద పడింది, 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్ 3000 మీటర్ల ఫైనల్‌లో తనకి తగిలి అమెరికా అభిమాన రన్నర్ మేరీ డెకర్ పడిపోయాక స్టేడియం జనం అరుపుల మధ్య ఏడో స్థానంలో ముగించింది. ఆ రేసు పూర్తి చేయడాన్ని ఏమంటారో మరి!

"టీనేజ్‌లో పిండకపోతే ఆలస్యమైపోతుంది" అనేదీ అంతే. కెన్యా రన్నర్ కిప్చోగే 18 ఏళ్లకే 5000లో ప్రపంచ చాంపియన్, నిజమే. కానీ మారథాన్ జోలికి వెళ్లింది 28వ ఏట, అందులో 2:01:09తో అప్పటి ప్రపంచ రికార్డు కొట్టింది 37వ ఏట. అసలు ప్రపంచ చాంపియన్‌షిప్ మారథాన్‌లో 20 ఏళ్ల లోపు వాళ్లని రానివ్వరు, ఆ రూలు పెట్టింది ఈ ఆటల్ని ప్రపంచమంతా నడిపే సంస్థ వరల్డ్ అథ్లెటిక్సే. ఆ రూలు పెట్టినవాళ్లకీ దమ్ము లేదంటారా?