సవరణ: కోరింగ మడ అడవి కోత గురించి

కోరింగ దగ్గర సముద్రం వైపు మడ అడవి అంచు రెండేళ్లలో 20 మీటర్లు వెనక్కి పోయిందని మొన్న రాశాను. అది తప్పు. నేను పోల్చిన రెండు సెంటినెల్-2 (యూరప్ ఉపగ్రహం) చిత్రాల్లో ఒకటి పాటులో సముద్రం నీళ్లు వెనక్కి తీసినప్పటిది, రెండోది పోటు మీద ఉన్నప్పటిది. ఉపగ్రహం ఎప్పుడూ పొద్దున దాదాపు ఒకే వేళకి వస్తుంది, పోటు మాత్రం రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. చిన్న మొక్కలు మునిగి ఉంటే చిత్రంలో అడవి లేనట్టే కనిపిస్తుంది. పైగా ఆ చిత్రంలో ఒక్కో గడి (పిక్సెల్) అంటే నేల మీద 10 మీటర్లు. అంటే రెండు గడుల తేడాకే కోత అని గోల చేశాను! పడవ వాళ్లనడిగినా చెప్పేవాళ్లు.

మడ వేర్లు అలల జోరు తగ్గిస్తాయన్న మాటలో మార్పు లేదు. కొత్త మొక్కలు ఎక్కడ నాటాలో మాత్రం మొన్న ఆ చిత్రాలతో చేసిన మ్యాపు చూసి నిర్ణయించకండి.