నాలుగు కోట్ల అంకెలు, చివరికి ఒక సున్నా

2024 అక్టోబరులో దొరికిన ప్రధాన సంఖ్యను రాయడం తేలికే. 13,62,79,841 రెండ్లను వరసగా గుణించి, వచ్చినదాంట్లోంచి 1 తీసేయాలి. విప్పి రాస్తేనే తంటా. మొత్తం 4,10,24,320 అంకెలు. సెకనుకు ఒకటి చొప్పున రాత్రీపగలూ చదివినా 474 రోజులు దాటుతుంది.

ఇలాంటివి దొరికినప్పుడల్లా బ్యాంకు లావాదేవీల భద్రతకు పనికొస్తాయని ఎవరో ఒకరు అంటుంటారు. పనికిరావు. సమాచారాన్ని సంకేతాల్లో దాచే ఆర్‌ఎస్‌ఏ పద్ధతి తాళాలకు మూడు వందల పైచిలుకు అంకెలున్న ప్రధాన సంఖ్యలు చాలు, కాకపోతే అవి రహస్యంగా ఉండాలి. ఊరందరికీ తెలిసిన నంబరుతో తాళం ఏం వేస్తాం?

నన్నడిగితే ఇందులో అసలు విశేషం పొడుగు కాదు, ఆకారం. రెండ్ల గుణకారంలోంచి ఒకటి తగ్గితే వచ్చే ఇలాంటి ప్రధాన సంఖ్యలను 17వ శతాబ్దపు ఫ్రెంచి సన్యాసి పేరు మీద మెర్సెన్ ప్రధాన సంఖ్యలంటారు. కంప్యూటర్ భాషలో, అంటే 0, 1 అంకెలతోనే రాస్తే అన్నీ ఒకట్లే, ఒక్క సున్నా కూడా ఉండదు. ఇంతే పొడుగున్న ఏదో ఒక సంఖ్యను ఇచ్చి ఇది ప్రధానమో కాదో తేల్చమంటే ఇవాళ్టి కంప్యూటర్లు చేతులెత్తేస్తాయి. ఏ సంఖ్యనైనా కచ్చితంగానూ త్వరగానూ తేల్చగల పద్ధతిని 2002లో కాన్పూర్ ఐఐటీలో అగ్రవాల్, కయాల్, సక్సేనా కనిపెట్టారు. సిద్ధాంతపరంగా అది గొప్ప మలుపు, కానీ ఈ సైజు దగ్గర అదీ నడవదు.

మెర్సెన్ సంఖ్యలకు మాత్రం ఒక అడ్డదారి ఉంది, లూకాస్-లెహ్మర్ పరీక్ష. 31నే తీసుకోండి, అయిదు రెండ్లను వరసగా గుణిస్తే వచ్చే 32 కంటే అది ఒకటి తక్కువ. 4తో మొదలుపెట్టి, వర్గం చేసి 2 తీసేయాలి: 14. మళ్లీ అదే పని చేస్తే 194, దాన్ని 31తో భాగిస్తే శేషం 8. ఆ 8తో ఇంకోసారి చేస్తే 62, శేషం 0. మూడు మెట్లలో సున్నా వచ్చింది, కాబట్టి 31 ప్రధానం. మెట్ల లెక్క ఎప్పుడూ రెండ్ల లెక్క కంటే రెండు తక్కువ. కొత్త సంఖ్యకూ ఇదే ఆట, మెట్లు మాత్రం 13 కోట్ల 62 లక్షలకు పైనే. మధ్యలో ఎక్కడ ఒక్క అంకె తప్పినా అంతా వృథా. డబ్లిన్‌లోని ఒక గ్రాఫిక్స్ చిప్ ముందుగా ఇది ప్రధానం కావచ్చని పసిగడితే, మర్నాడు టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో ఇంకో చిప్ ఆ చివరి సున్నా దాకా వెళ్లింది. ఇలాంటి చిప్‌లను ఎన్నో అద్దెకు తీసుకుని నడిపించింది చిప్‌ల కంపెనీ ఎన్విడియాలో గతంలో పనిచేసిన ల్యూక్ డ్యురాంట్.

ఈ పరీక్షలో ఓ తమాషా ఉంది. సున్నా రాకపోతే సంఖ్య ప్రధానం కాదని తేలుతుంది, దాన్ని ఏవి భాగిస్తాయో మాత్రం తెలియదు. 67 రెండ్ల గుణకారంలోంచి ఒకటి తగ్గితే వచ్చే సంఖ్యను మెర్సెన్ 1644లో ప్రధానమన్నాడు, దాని కథ అదే. కాదని ఈ పరీక్ష పేరులో ఉన్న లూకాస్ 1876లోనే తేల్చాడు. దాని కారణాంకాలు 19,37,07,721, 7,61,83,82,57,287 అని అమెరికా గణితవేత్త కోల్ చూపించేసరికి 1903 వచ్చింది.

కొత్తది తెలిసిన మెర్సెన్ ప్రధానాల్లో 52వది. వరసలో కూడా 52వదేనని ఇంకా రూఢి కాలేదు, దానికంటే చిన్నది ఏదైనా మన కన్ను తప్పి ఉండొచ్చు.