రథం వచ్చే రోజే మా వీధి కనబడేది

తిరుపతికి వచ్చేవాళ్లకి కొండే లోకం. రైలు దిగతారు, బస్సెక్కతారు, పైకి పోతారు. తిరిగొచ్చేటప్పుడు గాంధీ రోడ్డులో రెండు పటాలు, ఒక రాగి చెంబు కొనుక్కుంటారు. వాళ్లనేమీ అనను. నా కోపమంతా మన మీదే.

రామానుజులవారు 1130లో ఫిబ్రవరి 24న గోవిందరాజస్వామి గుడికి శంకుస్థాపన చేసినారని, అదే ఊరి పుట్టినరోజని ఇప్పుడు ఏటా పండగ చేస్తున్నాం. సంతోషం. చిదంబరంలో నిలవనీయక తరిమితే వచ్చిన స్వామి ఈ గోవిందరాజులు అని పెద్దోళ్లు చెప్తారు. ఆయన చుట్టూ అగ్రహారం, దాని చుట్టూ ఊరు. సన్నిధి వీధి, కర్నాల వీధి, బేరి వీధి, గాంధీ రోడ్డు... ఇది రథం తిరిగే దారి. అంటే రథానికి సరిపోయేలా ఉండాల్సిన వీధులు. మనం అంగళ్లకి సరిపోయేలా కోసుకున్నాం.

అంగళ్లంటే నాకు పగ లేదు. లోపల స్వామి తలకింద కుంచం పెట్టుకుని పడుకోనుంటాడు. తమ్ముడు వెంకన్న పెళ్లికి చేసిన కుబేరుడి అప్పు తీర్చను డబ్బులు కొలిచి కొలిచి అలిసిపోయినాడంట. బజారు వీధికి ఇంతకంటే తగిన దేవుడు యాడుంటాడు చెప్పండి!

కానీ మొన్న మా అమ్మని దర్శనానికి పిల్చకపోయినా. మోకాళ్ల నొప్పి మనిషి. ఒకవైపు బయటికి పరిచిన బిందెలు, ఇంకోవైపు అడ్డంగా బండ్లు. "ఒరే, నడిచేదానికి చోటేదిరా?" అని నడిమధ్యలో నిలబడిపోయింది. వెనక ఆటో హారన్ ఆపలేదు.

అదే గోవిందరాజస్వామి బ్రహ్మోత్సవాల్లో ఎనిమిదో రోజు పొద్దున చూడండి. రేకులు లేస్తాయి, బోర్డులు దిగతాయి, మెట్ల మీద సామాన్లు లోపలికి పోతాయి. గోవిందా అంటా వేలమంది తాడు పట్టుకుంటే, మలుపు కాడ చక్రం కింద చెక్కలు పెట్టి రథాన్ని తిప్పుతారు. జనం ఉప్పు, మిరియాలు చల్లతారు. అప్పుడు తెలుస్తుంది మన వీధి ఎంత వెడల్పో. అడ్డం తీయను కుదరదని ఏడాదంతా చెప్పే మనమే ఒక్క రాత్రిలో తీసేస్తాం. రథానికి ఇచ్చే దారి మా అమ్మకి ఎందుకివ్వం?

పోయినేడు రథం పోయిన మర్నాడు కాఫీకని అటు పోతే, మిరియాలింకా చెప్పులకింద నలగతానే ఉన్నాయి. బిందెలు మాత్రం రోడ్డు మీదికి వచ్చేసినాయి.