గడువులన్నీ కాంట్రాక్టరుకే

ఊళ్లో ఒక కిలోమీటరు సీసీ రోడ్డు వేయాలనుకుందాం. వెడల్పు 3 మీటర్లు, మందం 15 సెంటీమీటర్లు. మొత్తం 450 క్యూబిక్ మీటర్ల కాంక్రీటు. దానికి కంకర 400 క్యూబిక్ మీటర్లకు కాస్త ఎక్కువ, ఇసుక 200 దాకా పడుతుంది. ఆరు క్యూబిక్ మీటర్లు పట్టే టిప్పరుతో తోలితే కంకరకు 68, ఇసుకకు 34 ట్రిప్పులు. ట్రిప్పుకో గనుల శాఖ పర్మిట్ చీటీ. పని కొలతలు రాసే ఎం-బుక్‌లో ఒక్క కొలత ఎక్కకముందే కాంట్రాక్టరు దగ్గర నూటికి పైగా చీటీలు పోగవ్వాలి. వర్షంలో తడిసో, డ్రైవరు జేబులో నలిగో పది పోయాయంటే ఆ మేరకు సీనరేజీ, అంటే గనుల శాఖకు కట్టాల్సిన ఖనిజ రుసుం, బిల్లులో కోసేస్తారు. క్రషర్ యజమాని గనుల శాఖకు అప్పటికే కట్టి, ఆ సొమ్మును కంకర ధరలో కలిపి వసూలు చేసుకున్నా సరే, చీటీ లేకపోతే కోత తప్పదు. ఆ పర్మిట్ ఇచ్చింది ప్రభుత్వం. దాని నకలు ప్రభుత్వ కంప్యూటర్లోనే ఉంది. అయినా రుజువు చేసుకోవాల్సింది కాంట్రాక్టరు.

ప్రభుత్వ పనుల్లో కాగితాల బరువు గురించి మాట్లాడితే ‘కాగితాలు అడక్కపోతే దోచుకోరా?’ అనే ప్రశ్న వెంటనే వస్తుంది. న్యాయమైన ప్రశ్నే. టెండరు ఫారాలు ఆఫీసులో కొనుక్కుని పెట్టెలో వేసే రోజుల్లో పోటీదారుల్ని గేటు దగ్గరే ఆపేయడం, నలుగురు కూడబలుక్కుని పనులు పంచుకోవడం ఎలా సాగేదో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ తెలియనివారు లేరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లో ఈ-ప్రొక్యూర్‌మెంట్ వచ్చాక ఆ గేటు దగ్గరి దౌర్జన్యానికి చాలావరకు తెర పడింది. అదే ఏడాది జులై 1న నీటిపారుదల శాఖ ఇచ్చిన 94వ నంబరు జీవో టెండరు అర్హతలకు, డిపాజిట్లకు ఒక పద్ధతి తెచ్చింది. దొంగ అనుభవ ధ్రువపత్రాలు, నకిలీ బ్యాంకు గ్యారంటీలు నిజంగానే పట్టుబడ్డాయి కాబట్టి తనిఖీ ఉండాల్సిందే. అసలు చిక్కు ఎన్ని కాగితాలు అడుగుతున్నారన్న దాంట్లో కంటే, ఆ కాగితాల మీద తేదీలు ఎవరికి వర్తిస్తున్నాయన్న దాంట్లో ఉంది. బిడ్ సమర్పణకు, అగ్రిమెంటుకు, గ్యారంటీకి, పని పూర్తికి గడువులు రాసి ఉంటాయి. కొలత ఎక్కించడానికి, బిల్లు పాస్ చేయడానికి, డబ్బు వేయడానికి, డిపాజిట్ తిరిగివ్వడానికి మాత్రం అవతలి పక్షాన్ని కట్టిపడేసే గడువు కనిపించదు.

అర్హతలు చూపించే టెక్నికల్ బిడ్‌తోనే ఇది మొదలవుతుంది. ఐదేళ్ల టర్నోవరు, ఇలాంటివే గతంలో చేసిన పనులు, ప్రస్తుతం చేతిలో ఉన్న పనులు, యంత్రాలు, ఇంజినీర్లు, కోర్టు వివాదాలు, ఒక్కోదానికి ఒక్కో స్టేట్‌మెంటు. అనుభవ పత్రం మీద ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు) సంతకం చేసి, ఆయన పై అధికారి ఎస్‌ఈ (సూపరింటెండింగ్ ఇంజినీరు) కౌంటర్ సంతకం పెట్టాలి. ఏ ఏడాది ఎంత విలువ పని జరిగిందో విడివిడిగా ఉండాలి. మొత్తం విలువ ఒకే అంకెగా ఇచ్చిన సర్టిఫికెట్ పట్టుకెళితే పని నిజంగా చేసినవాడైనా అనర్హుడవుతాడు. ఆ పని అగ్రిమెంటు ఉన్నది ప్రభుత్వ పోర్టల్‌లో. దాని ప్రతి చెల్లింపూ ఉన్నది పే అండ్ అకౌంట్స్ ఆఫీసు(పీఏఓ)లో. పంచాయతీరాజ్‌లో చేసిన పనిని ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ) టెండరులో చూపించాలంటే మాత్రం కాంట్రాక్టరు బదిలీ అయిపోయిన ఈఈ స్థానంలో వచ్చిన కొత్త ఈఈ చుట్టూ తిరగాలి.

వీటన్నిటిలో బయటికి కనిపించకుండా దెబ్బతీసేది బిడ్ సామర్థ్యం లెక్క. 2ఏఎన్ మైనస్ బీ అనే సూత్రం. ఏ అంటే గత ఐదేళ్లలో ఒక ఏడాది చేసిన అత్యధిక పని విలువ, ఎన్ అంటే కొత్త పనికి ఇచ్చిన కాలం ఏళ్లలో, బీ అంటే ఆ కాలంలో పూర్తి చేయాల్సిన పాత పనులు. ఒకాయన ఏడాదిలో కోటిన్నర పని చేసి ఉంటే, కొత్త పనికి ఏడాది గడువుంటే 3 కోట్లు వస్తుంది. చేతిలో 2 కోట్ల 20 లక్షల పనులుంటే ఇక 80 లక్షల టెండరుకే అర్హుడు. ఇంతవరకు లెక్క సబబే. అయితే ఆ 2 కోట్ల 20 లక్షల్లో 60 లక్షల పని సైటు మీద పూర్తయి, కొలతలు ఎం-బుక్‌లోకి ఎక్కకపోతే, ఈఈ ఇచ్చే సర్టిఫికెట్‌లో అది ఇంకా మిగిలిన పనిగానే కనిపిస్తుంది. ఆఫీసు చేసిన ఆలస్యం కాంట్రాక్టరు సామర్థ్యాన్ని తగ్గిస్తుంది. రావాల్సిన డబ్బూ రాదు, కొత్త పనికి తలుపూ మూసుకుపోతుంది.

ఇప్పుడు డబ్బు సంగతి. అదే సీసీ రోడ్డును 50 లక్షల పని అనుకుందాం. 94వ జీవో పద్ధతిలో టెండరుతో 1 శాతం, అగ్రిమెంటు నాటికి మరో 1.5 శాతం ఈఎండీ (ధరావతు), ప్రతి బిల్లులోంచి పట్టి ఉంచే సెక్యూరిటీ డిపాజిట్ (ఎఫ్‌ఎస్‌డీ) 7.5 శాతం. అంటే పని విలువలో పదో వంతు, 5 లక్షలు, ప్రభుత్వం దగ్గర ఉంటుంది. ఎస్టిమేటులో కాంట్రాక్టరు లాభానికి, ఓవర్‌హెడ్స్‌కు కలిపి ఇచ్చేది 13.615 శాతం. దాంట్లోనే సైటు ఖర్చు, వడ్డీ, మేస్త్రీ జీతం, ఈ కాగితాల కోసం పెట్టుకున్న మనిషి జీతం. పోటీలో ఎస్టిమేటు కంటే పదో పదిహేనో శాతం తక్కువకు, అంటే లెస్‌కు వేసి పని తెచ్చుకున్నవాడికి ఆ లాభం కాగితం మీద కూడా మిగలదు. 25 శాతానికి మించి లెస్ వేస్తే ఆ తేడాకు అదనపు గ్యారంటీ కూడా కట్టాలి. ఇవి కాక బిల్లులో ఆదాయపు పన్ను టీడీఎస్ 1 శాతం, సంస్థలకైతే 2, జీఎస్టీ టీడీఎస్ 2, కార్మిక సెస్సు 1. అన్నీ కలిపి చూస్తే, చిన్న కాంట్రాక్టరు చివరి రూపాయి దాకా వేరొకరి అప్పుతోనే పని నడిపిస్తున్నాడు.

బిల్లు ఎక్కడెక్కడ ఆగుతుందో చూద్దాం. ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) కొలతలు రాస్తారు, ఆయన పైనున్న డీఈఈ (డిప్యూటీ ఈఈ) వాటిని సరిచూసే చెక్ మెజర్‌మెంట్ చేస్తారు, ఈఈ ఆఫీసులో లెక్కలు సరిచూస్తారు, ఆపై పీఏఓకు. అక్కడ ఆబ్జెక్షన్ పడే కారణాలు దాదాపు ఎప్పుడూ అవే. బ్యాంకు గ్యారంటీ గడువు తీరిపోవడం, బీమా పాలసీ రెన్యూ కాకపోవడం, అగ్రిమెంటు పరిమాణం కంటే ఎక్కువ చేసిన ఐటమ్‌కు ఆమోదం లేకపోవడం, గడువు పొడిగింపు మంజూరు కాకపోవడం, క్వాలిటీ రిపోర్టు జత చేయకపోవడం.

ఈ చివరిదాన్ని కొంచెం దగ్గరగా చూడాలి. కాంక్రీటుకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం రోజుకు 31 నుంచి 50 క్యూబిక్ మీటర్ల కాంక్రీటు పోస్తే నాలుగు శాంపిళ్లు, శాంపిల్‌కు మూడు క్యూబ్‌లు. మన రోడ్డును రోజుకు 45 చొప్పున పది రోజుల్లో పోస్తే 120 క్యూబ్‌లు. ఒక్కోదాని మీద పోసిన తేదీ, చైనేజీ (రోడ్డు మొదలు నుంచి ఆ చోటికి దూరం) రాసి, నీళ్ల తొట్టిలో ఉంచి, 28వ రోజున పగలగొట్టించాలి. మార్చి 10న పోసిన కాంక్రీటుకు రిపోర్టు ఏప్రిల్ 7న వస్తుంది. ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది. ‘మార్చిలోపు బిల్లు పెట్టు, లేకపోతే బడ్జెట్ ల్యాప్స్ అవుతుంది’ అని ఒకవైపు ఒత్తిడి, 28 రోజుల రిపోర్టు లేకుండా బిల్లు కదలదని మరోవైపు నిబంధన. ఈ రెండింటి మధ్య ఇరుక్కున్నవాడు తప్పుడు తేదీల వైపు జారుతాడు. నాణ్యతను కాపాడటానికి పెట్టిన కాగితాన్నే అబద్ధంగా మారుస్తున్నది మార్చి 31.

గడువు పొడిగింపు ఇంకా బాధాకరం. కరెంటు స్తంభాలు జరపక, స్థలం అప్పగించక, డ్రాయింగు ఇవ్వక శాఖ వల్లే పని ఆగినా, పొడిగింపు కోసం అర్జీ పెట్టుకోవాల్సింది కాంట్రాక్టరే. అది మంజూరయ్యేదాకా, పాత గడువు దాటాక చేసిన పనికి బిల్లు లేదు. ఆలస్యానికి నష్టపరిహారం అడుగుదామంటే ఆంధ్రప్రదేశ్ స్టాండర్డ్ స్పెసిఫికేషన్స్ 59వ క్లాజు అడ్డం. ఏ కారణంతో పని ఆలస్యమైనా పరిహారం లేదు, తగిన పొడిగింపు మాత్రమే అంటుంది. బకాయి పడ్డ బిల్లుకు వడ్డీ అడుగుదామంటే 69వ క్లాజు అడ్డం. మద్రాసు రాష్ట్రం నాటి భాష నుంచి వచ్చిన ఈ క్లాజులు ఇప్పటికీ అగ్రిమెంట్ల వెనక నిలబడి ఉన్నాయి. కాంట్రాక్టరు ఆలస్యం చేస్తే జరిమానా, ప్రభుత్వం ఆలస్యం చేస్తే ఏమీ లేదు. గడువు తమ మీద లేనివారికి ఫైలు కదిలించాల్సిన తొందర ఎందుకుంటుంది?

అదే ప్రభుత్వ వ్యవస్థలో పన్ను శాఖ మాత్రం ఒక్కరోజు కూడా ఆగదు. ప్రభుత్వ పనుల మీద జీఎస్టీ 2022 జులై 18 నుంచి 12 శాతం కాస్తా 18 శాతమైంది. చెల్లింపు తేదీ ఒప్పందంలో తేలకపోతే డబ్బు అందినప్పుడు ఇన్వాయిస్ ఇవ్వొచ్చని చట్టంలోని 31(5) సెక్షన్ వెసులుబాటు ఇస్తోంది. ఆఫీసులో బిల్లుతోపాటే ఇన్వాయిస్ పెట్టమంటారు. పెడితే, నెలవారీ రిటర్ను వేసేవాడు వచ్చే నెల 20 లోపు పన్ను కట్టాలి, బిల్లు డబ్బు ఎప్పుడొచ్చినా. మరోపక్క సిమెంటు కొట్టుకు, స్టీలు డీలరుకు 180 రోజుల్లో సొమ్ము కట్టకపోతే ఆ సరుకు మీద కట్టిన పన్నుకు తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ను వడ్డీతో వెనక్కి ఇవ్వాలి. ప్రభుత్వం ఏడాది దాకా బిల్లు ఇవ్వకపోతే అతను 180 రోజుల్లో సిమెంటు కొట్టుకు ఎక్కడి నుంచి తెచ్చి కడతాడు? ఆ తర్వాత 2 శాతం టీడీఎస్ ఒక ఏడాదిలో పోర్టల్‌లో కనిపించి, ఇన్వాయిస్ ఇంకో ఏడాదిలో ఉంటే, లెక్క కుదరలేదని నోటీసు. దానికి జవాబు రాయడానికి మళ్లీ ఆడిటరు ఫీజు. కోసిన టీడీఎస్‌కు బిల్లు డ్రా చేసే అధికారి (డీడీఓ) జీఎస్టీఆర్-7 అనే రిటర్ను వేయకపోతే ఆ సొమ్ము కాంట్రాక్టరు లెడ్జరులోకే రాదు.

దీని నష్టం కాంట్రాక్టరు దగ్గరే ఆగిపోదు. ఓపిక పట్టగలిగే పెద్దవాళ్లే టెండర్లలో మిగులుతారు. చిన్నవాళ్లు వాళ్ల కింద సబ్ కాంట్రాక్టు తీసుకుంటారు, అప్పుడు కాగితం మీద పేరొకరిది, సైటు మీద చెయ్యి మరొకరిది. మారుమూల మండలాల్లో రెండుసార్లు, మూడుసార్లు పిలిచినా ఒక్క బిడ్ రాని పనులు ఉంటున్నాయి. వచ్చినా, రేపటి ఆలస్యాన్ని రేటులో కలుపుకుని వేస్తారు, లేదంటే సిమెంటులో తగ్గించుకుంటారు. రెండింటికీ మూల్యం ఊరే కడుతుంది.

చేయదగ్గవి లేకపోలేదు. 2021 అక్టోబరు 29న కేంద్ర ఆర్థికశాఖ వ్యయ విభాగం ఇచ్చిన మార్గదర్శకాల్లో, రన్నింగ్ బిల్లు పెట్టిన 10 పని దినాల్లో 75 శాతం చెల్లించి, మిగతాది పూర్తి తనిఖీ చేసి, బిల్లు పెట్టిన 28 పని దినాల్లోపు ఇవ్వాలని ఉంది. ప్రభుత్వ శాఖలు సరుకు కొనే జెమ్ పోర్టల్‌లో కూడా, సరుకు అందాక అంగీకార పత్రానికి, ఆపై చెల్లింపుకు పది పది రోజుల గడువు పెట్టారు. రెండు తెలుగు రాష్ట్రాల పనులకూ ఇలాంటి గడువు అగ్రిమెంటులోనే, క్లాజు నంబరుతో రావాలి. 69వ క్లాజు స్థానంలో, గడువు దాటిన రోజు నుంచి అడక్కుండానే వడ్డీ లెక్క చేరాలి. ఆ వడ్డీ ఏ డివిజన్ పద్దులో పడిందో ఆడిట్‌కు కనిపించాలి. ఆడిట్ భయంతోనే ఫైళ్లు ఆగుతాయి కాబట్టి, ఆడిట్ భయంతోనే అవి కదలాలి కూడా.

అనుభవ పత్రాన్ని కాంట్రాక్టరుతో తెప్పించడం మానేసి, ఫైనల్ బిల్లు పాసైన రోజే ఈ-ప్రొక్యూర్‌మెంట్ ఖాతాలోకి అది చేరేలా చేయొచ్చు. గనుల శాఖ పర్మిట్ నంబర్లను బిల్లు సాఫ్ట్‌వేర్ నేరుగా చూసుకుంటే ఆ వంద చీటీల కట్ట అక్కర్లేదు. మార్చిలో పోసిన కాంక్రీటుకు 7 రోజుల రిపోర్టుతో కొంత శాతం ఇచ్చి, మిగతాది 28 రోజుల రిపోర్టుకు ముడిపెడితే తేదీలు దిద్దే పని ఎవరికీ ఉండదు.

వీటన్నిటికంటే ముందు, ఖర్చు లేకుండా చేయగలిగింది ఒకటుంది. బిల్లుకు టోకెన్ నంబరు పడ్డాకే దాని జాడ కాంట్రాక్టరుకు తెలుస్తోంది. అంతకుముందు ఏఈ టేబుల్ మీద ఎన్ని రోజులుందో, డీఈఈ దగ్గర ఎన్ని రోజులుందో ఎక్కడా నమోదు కాదు. కొలతకు సిద్ధమని కాంట్రాక్టరు రాసిన లేఖ అందిన తేదీ నుంచే ఆ లెక్క మొదలుపెట్టి, ప్రతి టేబుల్ దగ్గరా వచ్చిన తేదీ, వెళ్లిన తేదీ అందరూ చూసేలా పోర్టల్‌లో పెట్టాలి. రెండేళ్ల లోపాల బాధ్యతా కాలం ముగిసిన పనులకు ఎఫ్‌ఎస్‌డీ ఎవరి దగ్గర ఎన్ని రోజులుగా ఉందో కూడా అదే పేజీలో.